మామ్మ ఓడిన పసుపుచేను

మొన్నామధ్య పాడేరులో మా ఇంటికి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు, మాటకు ముందు నవ్వు. మా పక్కింటి టీచరమ్మ పంపిందట. బ్యాగులోంచి అరచేయంత రాగి బిళ్ళ తీసి, దీన్ని బియ్యం డబ్బాకు అంటిస్తే పురుగు పట్టదని, మంచం కింద పెట్టుకుంటే మోకాళ్ళ నొప్పులు పోతాయని, ఇంట్లో ఉన్న చెడు తరంగాలన్నీ ఇది లాగేసుకుంటుందని చెప్పుకొచ్చాడు. నాకు మోకాళ్ళ నొప్పులున్న మాట నిజమే కాబట్టి శ్రద్ధగానే విన్నాను. అంతా విని, రెండు బియ్యం డబ్బాలు పెడతాను, ఒకదానికి బిళ్ళ అంటిస్తాను, రెండోదానికి అంటించను, వానాకాలం వెళ్ళాక ఇద్దరం కూర్చుని మూతలు తీద్దాం, రెండింట్లోనూ పురుగు కనబడితే ఇది పనిచేయదని ఒప్పుకుంటారా అని అడిగాను. ఆయన నవ్వు కాస్త తగ్గింది. అనుమానించే వాళ్ళ ఇంట్లో ఇది పనిచేయదమ్మా, మనిషికి కొంచెం ఓపెన్ మైండ్ ఉండాలి అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన చిన్నబుచ్చుకుని, పెట్టిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నిజానికి నేను నవ్వింది ఆయన్ను చూసి కాదు. ఆ మాట వినగానే నోట్లో చుట్టతో మా మామ్మ కళ్ళముందు నిలబడింది.

మామ్మ అంటే మా నాన్న వాళ్ళమ్మ. పాడేరు నుంచి జీపులో పోయి, జీపు దారి అయిపోయిన చోట దిగి, గెడ్డ అంటే కొండవాగు దాటి, కొండ ఎక్కితే మా ఊరు. ఇంటి వెనక వాలులో పసుపుచేను, దాని పైన మిరియాల తీగలు పాకిన చెట్లు. మామ్మ తెల్లారకుండానే లేచి పొయ్యిలో నిప్పు రాజేసి, ఆ నిప్పుతోనే చుట్ట వెలిగించేది. మా వైపు ముసలమ్మలందరిలాగే ఆవిడదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ పని చేసేది, తిట్టేది, అంబలి కాచేది, బైబిలు వాక్యం తప్పు చదివితే నన్ను దిద్దేది. తనకు చదువు రాదు, అన్నీ వినికిడి మీద వచ్చినవే. చుట్ట నోట్లోంచి తీసిందంటే మాత్రం ఆలోచిస్తోందని అర్థం. అప్పుడు పిల్లలం కూడా అల్లరి ఆపేవాళ్ళం. ఆదివారం తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు చర్చిలో కూర్చునేది, సోమవారం చేలో మొదటి విత్తనం పెట్టే ముందు ఊరి పూజారి తాత చేత మట్టికి మొక్కించేది. ఇదేమిటమ్మా అని నాన్న గింజుకుంటే, దేవుడు పైన ఉన్నాడు, పసుపు కింద ఉంది, ఎవరి మర్యాద వాళ్ళకి అనేది.

మా కొండల్లో పసుపు రెండేళ్ళ పంట. తొలకరికి ముందు దుంప పెడితే, ఆ వానాకాలమంతా ఆకు పెరిగి, చలికి ఎండిపోయి, మళ్ళీ తొలకరికి లేచి, ఇంకో చలికాలం గడిచాకే తవ్వేది. తవ్విన వారమంతా మా ఇంట్లో ఇంకో వాసనకు చోటుండేది కాదు. వాకిట్లో పెద్ద కొప్పెరలో కొమ్ములు ఉడుకుతూ ఉంటే, ఆ ఆవిరి చీరలకు, దుప్పట్లకు, మేకలకు కూడా పట్టేది. ఉడకబెట్టడానికి ముందే మంచి దుంపలు ఏరి, విత్తనానికి పక్కన పెట్టి, చెట్టునీడన గొయ్యి తీసి, ఆకులు పరిచి దాచేవారు. ఈ ఏరే పని అందరిదీ కాదు. చేత్తో పట్టుకుంటే దుంప లోపల గట్టిగా ఉందో లేదో తెలియాలి. మా ఇంట్లో ఆ చేయి ఎస్తేరత్తది. ఎస్తేరత్త నాన్నకు చెల్లెలు, పెళ్ళయ్యాక కూడా మా ఊళ్ళోనే ఉండేది. మాట తక్కువ, చేయి గట్టిది. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఆవిడ విత్తనం ఏరుతుంటే పక్కన కూర్చుని, ఆవిడ పక్కకు నెట్టేసిన దుంపలతో ఆడుకున్నట్టు లీలగా గుర్తు.

తర్వాత ఒక పంట కుళ్ళిపోయింది. తవ్వితే గునపానికి బంక అంటుకుంది తప్ప కొమ్ము రాలేదు. ఆ కంపు ఎన్నాళ్ళో పోలేదు. పూజారి తాత వచ్చి చేను చుట్టూ నడిచి, ముట్టులో ఉండగా ఎవరైనా ఈ మట్టి తొక్కారా అని అడిగాడు. అది మా వైపు పాత మాట. నెలసరి రోజుల్లో ఆడమనిషి పసుపుచేలో దిగితే దుంప కుళ్ళుతుందని అందరూ అనుకునేవారు. ఆ సంవత్సరం మా అమ్మ నెలలు నిండి ఉంది, కలుపు తీసే మనిషి లేదు, ఎస్తేరత్త ఆ రోజుల్లో కూడా దిగింది. ఎవరూ చూడలేదు. కానీ తాత అడిగినప్పుడు తానే ముందుకొచ్చి నేను దిగాను అని చెప్పేసింది. ఆ రోజు నుంచి ఆవిడకు విత్తనం ముట్టుకునే పని లేదు. కట్టెలు తేవడం, మేకలు తోలడం, కొప్పెర కింద మంట పెట్టడం, అంతే. చేను కంచె దాకా గంపలు మోసుకొచ్చి అక్కడ దించేసి వెనక్కి వెళ్ళేది. ఈ కట్టడి పెట్టింది తాత కాదు, మామ్మే. కూతురి మీద కోపంతో కూడా కాదు. ఆ మాట నిజమని మామ్మ నమ్మింది, అంతే. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు కూడా తమ విత్తనం గోతుల దగ్గర అత్త నీడ పడకుండా చూసుకునేవారు. అది చూస్తే నాకు కడుపు మండిపోయేది.

మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఆయనకు ఇదంతా మూఢనమ్మకం. ప్రతి ఏడూ దుంప పెట్టే రోజుల్లో తల్లితో గొడవ పెట్టుకునేవాడు. బడిలో పాఠం చెప్పినట్టు గొంతు పెంచి చెప్పేవాడు, మామ్మ చుట్ట నోట్లో ఉంచుకునే వినేది, అంటే విననట్టే. ఒకసారి అలాగే గొడవ జరుగుతోంది. కంచె దగ్గర గంప దించి వెళ్ళబోతున్న ఎస్తేరత్త ఆగింది. తల్లీకొడుకుల మధ్య ఎప్పుడూ నోరెత్తని మనిషి ఆ రోజు మాట్లాడింది.

“అన్నా, నువ్వు నా తరపున మాటాడతన్నావు, బాగానే ఉంది. గానీ నువ్వూ సూడ్నేదు, అమ్మా సూడ్నేదు. నా మట్టుకు నాకూ తెల్దు. నా వల్లే కుళ్ళిందేమోనని నాకూ బయమే. ఓపాలి సూద్దాం.”

తన పక్షాన ఇన్నేళ్ళు వాదిస్తే చెల్లెలు కృతజ్ఞత చూపించకపోగా నీకూ తెలియదు అనేసరికి పాపం నాన్నకు దెబ్బ తగిలింది. మామ్మ మాత్రం చుట్ట నోట్లోంచి తీసింది. కూతురి వైపు తిరిగింది. అప్పటిదాకా ఆవిడ చూసింది తప్పు చేసిన కూతుర్నే. తప్పు చేశానో లేదో తెలియక లోపల్లోపల కుమిలిపోతున్న కూతుర్ని ఆ రోజే మొదటిసారి చూసిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

“సూద్దాం,” అంది మామ్మ. “గానీ ముందు ఒక మాట సెప్పుకోవాల. ఏటి కనబడితే నాను ఓడినట్టు? ఏటి కనబడితే నువ్వు ఓడినట్టు?”

ఇందులో నేను ఓడిపోవడానికేముంది, ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం అన్నాడు నాన్న మధ్యలో దూరి. ఎవరు తేల్చారు, ఏ చేలో తేల్చారు అని మామ్మ అడిగింది. పుస్తకాల్లో ఉంది అన్నాడు నాన్న. అయితే నువ్వు గట్టు మీద కూర్చో, ఓడిపోవడానికి ఇష్టం లేని వాళ్ళకి ఇందులో పని లేదు అంది. ఎస్తేరు దిగిన చోటా దిగని చోటా దుంప ఒకేలా ఉంటే నేను ఓడినట్టు అని తన మాట తాను చెప్పింది. చివరికి నాన్న కూడా, అత్త దిగిన వైపే ఎక్కువ కుళ్ళితే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను అని ఒప్పుకున్నాడు. ఆయనకు అది ఎంత కష్టమైందో ఆయన ముఖమే చెప్పింది.

చేను పంచే దగ్గర నాన్న చదువు పనికొచ్చింది. మధ్యలో అడ్డంగా గట్టు ఉంది కదా, గట్టు పైన నాది, గట్టు కింద ఎస్తేరుది అంది మామ్మ. అలా కాదు, కిందికి నీళ్ళు దిగుతాయి, కింద కుళ్ళితే చెల్లెలి వల్లో నీళ్ళ వల్లో ఎలా తెలుస్తుంది, పైనుంచి కింది దాకా నిలువుగా పంచాలి, అప్పుడు ఇద్దరికీ పైనా వస్తుంది, కిందా వస్తుంది అన్నాడు నాన్న. మామ్మ మళ్ళీ చుట్ట తీసింది, ఆలోచించింది, ఈ మాట బాగుందిరా అంది. అడవిలోంచి తెచ్చిన అడ్డతీగను తాడులా పేని, చేను నెత్తి నుంచి కాళ్ళ దాకా కట్టారు. విత్తనమంతా ఒకే కుప్ప పోసి, కలిపి, ఒక గంప ఇటు, ఒక గంప అటు వేశారు. నెలసరి రోజుల్లో అత్త తన సగంలో దిగాలి, మామ్మ సగంలోకి ఆ రోజుల్లో ఏ ఆడదీ కాలు పెట్టకూడదు. మిగతా పనంతా రెండు వైపులా ఒకటే. మామ్మ వెళ్ళి పూజారి తాతకు కూడా చెప్పింది. ఆయన కోప్పడతాడని నేను భయపడ్డాను. ఆయన తీగ పట్టుకుని కిందిదాకా నడిచి చూసి, మట్టి ఏం చెబితే అది వింటాను అన్నాడు.

ఆ మొదటి వానాకాలం మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగ్గా దిగలేదు. వానలు ముదిరిన నెలలో అత్త సగంలో, కింది వైపున ఆకు పసుపుబారింది. చేను పక్కనుంచి పోయే వాళ్ళందరూ ఆగి, చూసి, తలాడించి వెళ్ళేవారు. అత్త పొద్దున్నే లేచి ఆకుల దగ్గర నిలబడి ఉండేది. నాన్న ముఖం వేలాడేశాడు. అప్పుడు మామ్మ ఒక్క మాట అని ఉంటే చాలు, ఊరంతా ఆవిడ వెనకే ఉండేది, ఎన్నాళ్ళ నమ్మకమో గెలిచి ఉండేది. ఆవిడ అనలేదు. ఆకు చూసి చెప్పేదైతే రెండేళ్ళు ఎందుకు, తవ్వినాక మాట్లాడండి అని కంచె దగ్గర చేరిన వాళ్ళందరినీ తరిమేసింది. కొన్నాళ్ళకు తన సగంలో కూడా కింది ఆకు పసుపుబారితే దానికీ ఏమీ అనలేదు. చలికాలంలో ఇంకో తమాషా జరిగింది. నాన్న ఉండబట్టలేక అత్త సగంలో ఒక మొక్క పీకాడు. కింద బంగారం లాంటి కొమ్ములు. అవి పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి, చూడమ్మా చూడు అన్నాడు. మామ్మ ఆ దుంప తీసుకుని, ఒక్క దుంపతో గెలిచేద్దామనుకున్నావా అని బడి మాస్టారిని పిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టి, మళ్ళీ తీసుకెళ్ళి అదే చోట మట్టిలో పెట్టించింది. తనకు అనుకూలంగా కనబడినప్పుడూ ఆగింది, ఎదుటివాడికి అనుకూలంగా కనబడినప్పుడూ ఆగింది. ఇది ఎంత కష్టమో ఇన్నేళ్ళు బతికాక నాకు తెలిసింది.

రెండో ఏడు నేను పెద్దమనిషినయ్యాను. అప్పటిదాకా అత్త కోసం ఆత్రపడ్డ నేను, ఒక్కసారిగా నా కోసం ఆత్రపడడం మొదలుపెట్టాను. ఇప్పుడు నేను ఏ వైపు దిగాలి అని మామ్మను అడిగితే, ఆ రోజుల్లో అత్త వైపే, నా వైపు వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను అంది. నేను అత్త పక్కన కలుపు తీశాను. నేను మట్టిని పాడుచేసే మనిషినా కాదా అన్న సంగతి నా కాళ్ళ కిందే పాతిపెట్టి ఉంది. దాన్ని తొక్కుకుంటూ తిరగడం ఎలా ఉంటుందో మగవాళ్ళకు చెప్పడం కష్టం. ఒకరోజు కలుపు తీస్తూ తీస్తూ, మన వైపే కుళ్ళితే ఏం చేస్తావత్తా అని అడిగాను. అత్త తల ఎత్తకుండానే, అప్పుడు దిగను, కానీ తెలిసి మానేస్తాను, ఇలా భయపడి కాదు అంది. నాకు ఆ జవాబు అప్పుడు నచ్చలేదు.

తవ్వే రోజు వచ్చింది. ఊరు సగం మా కంచె చుట్టూ ఉంది. పూజారి తాత చేతికర్ర పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. పైనుంచి తవ్వడం మొదలుపెట్టారు. మామ్మ సగంలోంచి వచ్చినవి కంచె లోపలే ఒక పక్క, అత్త సగంలోంచి వచ్చినవి ఇంకో పక్క. గంప వెంట గంప దిగుతుంటే రెండు కుప్పలూ పెరిగాయి. రెండూ మంచివే. నాన్న ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి మింగేశాడు. సగం దాటాక, కింది భాగానికి వచ్చాక, అత్త సగంలో గునపం దిగిన చోట కంపు కొట్టింది. కుళ్ళు. కంచె దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. పాత అలవాటున కంచె బయటే ఆగిన అత్త రెండు చేతులతో గంప అంచు గట్టిగా పట్టుకుంది. నేను ఏడవకూడదని పళ్ళు బిగబట్టాను.

మామ్మ గునపం తీసుకుని, తీగ దాటి, తన సగంలో సరిగ్గా ఆ ఎదురుగా తవ్వింది. అక్కడా కంపే. ఇంకో చోట తవ్వింది. అక్కడా అదే. చివరిదాకా తవ్వుకుంటూ పోయింది. నీళ్ళు నిలిచే ఆ కింది మూల, తీగకు అటూ ఇటూ ఒకటే కుళ్ళు. ఆ రోజుల్లో ఇటు మా ఇద్దరి కాళ్ళూ పడ్డాయి, అటు ఎవరివీ పడలేదు. మామ్మ తన సగంలోంచి తీసిన కుళ్ళిన దుంపను అరచేతిలో పెట్టుకుని విరిచి చూసింది. అక్కడికి ముట్టులో ఎవరూ రాలేదని ఆవిడకు తెలుసు, రెండేళ్ళు కాపలా కాసింది ఆవిడే. తర్వాత అది పట్టుకునే గట్టు దగ్గరకు వెళ్ళి పూజారి తాతకు చూపించింది. ఆయన వాసన చూసి, చేను కింది మూల చూసి, నీళ్ళు నిలిచిన చోట కుళ్ళింది, కాలవ తియ్యాలి అన్నాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఇంకే చేను దగ్గరా ఆ పాత ప్రశ్న అడగలేదు.

అప్పుడు మామ్మ నవ్వింది. అది మొహమాటం నవ్వు కాదు, ఓడిపోయిన వాళ్ళ నవ్వూ కాదు. పండగ నాడు నవ్వినట్టు, ఊరంతా వినేలా, నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వింది. చేలో నిలబడి కూతుర్ని పిలిచింది.

“ఎస్తేరూ, నాను ఓడిపోనాను. నీదేటీ నేదు, నీ తప్పేటీ నేదు. ఇన్నాళ్ళు నిన్ను కంచె బయటెట్టినాను గదే, నా తల్లీ. రా, బేగి రా, ఇత్తనం ఏరు.”

అత్త గంప వదిలేసింది. కంచె దాటి, ఎన్నో ఏళ్ళ తర్వాత విత్తనం కుప్ప ముందు కూర్చుంది. మొదటి దుంప తీసి, బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉంది, మంచి దుంప అని పక్కన పెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేయి మాత్రం ఆగలేదు. కంచె అవతల నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. మామ్మ నా జబ్బ పట్టుకుని, నువ్వేటే గుంటా అలా సూత్తన్నావు, కూకో, మీ అత్త సెయ్యి సూసి నేర్సుకో అని ఆవిడ పక్కన కూర్చోబెట్టింది. ఆ రోజు మా ఇంట్లో కోడి కోశారు. నాన్న ఆ మాటే ఎత్తకుండా తల వంచుకుని తిన్నాడు. ఆయన మొదటినుంచీ అన్నది నిజమే అయింది. అయినా గెలిచినట్టు తిరిగింది మామ్మే.

దాని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మా నాన్న నమ్మింది నిజం, కానీ ఆయన తలుపు మూసుకుని నమ్మాడు. మామ్మ నమ్మింది అబద్ధం, కానీ ఆవిడ తలుపు గడియ వేయలేదు. ఈ రోజుల్లో ఓపెన్ మైండ్ అంటే ఎవరేం చెప్పినా లోపలికి రానివ్వడం అనుకుంటున్నారు. ఫోన్లో వచ్చిందల్లా నమ్మేయడం, కాదంటే మనసు ఇరుకు అనడం. అన్నింటికీ ముందే పెదవి విరిచి, అదే తెలివనుకునే చదువుకున్న వాళ్ళనూ బోలెడంత మందిని చూశాను. నేనూ వాళ్ళలో ఒకతెనే, చాలా రోజుల్లో. నిజంగా చూడడమంటే ముందు నేను దేనికి ఓడతానో చెప్పడం, తర్వాత తవ్వేదాకా ఆగడం, తవ్వాక కనబడింది ఒప్పుకోవడం. రాగి బిళ్ళాయన మొదటి మెట్టు దగ్గరే వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ వస్తే, నవ్వకుండా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఈ పసుపుచేను సంగతి చెబుదామని ఉంది.

ఈసారి చలి తగ్గాక తవ్వకాలకు ఊరెళ్ళాను. ఇప్పుడు గెడ్డ మీద వంతెన పడింది, ఆటో నేరుగా వాకిట్లోకే వచ్చింది. కింది మూల కాలవ అలాగే ఉంది, అక్కడక్కడా కాఫీ మొక్కలు వచ్చాయి. చేను నిండా ఆడవాళ్ళు. ఎవరి రోజులు ఎలా ఉన్నాయో ఎవరికీ పట్టలేదు, అసలు అలాంటి ప్రశ్న ఒకటుండేదని చాలామందికి తెలియనే తెలియదు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎస్తేరత్త చెట్టు నీడన విత్తనం కుప్ప ముందు కూర్చుని ఉంది. నడుము వంగింది, చేయి మాత్రం అదే చేయి. నేను వెళ్ళేసరికి మనవరాలితో గొడవ పడుతోంది. ఆ పిల్ల పాడేరులో డిగ్రీ చదువుతోంది, పేరు రూతు. అమావాస్య దగ్గరికొచ్చింది, ఈ వారంలో ఏరిన విత్తనం గోతిలో నిలవదు, వచ్చే వారం ఏరదాం అంటోంది అత్త. అమావాస్యకీ దుంపకీ ఏం సంబంధం మామ్మా, అదంతా ఉత్తిది అంటోంది పిల్ల.

నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను. అత్త చుట్ట కాల్చదు. కానీ చేతిలో దుంప కింద పెట్టింది. తర్వాత నా వైపు ఒకసారి చూసి, మనవరాలి వైపు తిరిగింది. ముడతలు పడ్డ ఆ ముఖంలో అచ్చం మామ్మ నవ్వే వచ్చింది.

“సరే, సూద్దాం. రెండు గోతులు తియ్యి. ఈ వారం ఏరింది ఒకదాన్లో, పై వారం ఏరింది ఇంకోదాన్లో. ఏటి కనబడితే నాను ఓడినట్టో, ముందు అది సెప్పు.”